రీలులో మిగిలిన బిక్షం

పోయిన వారం రజాక్‌ను క్లబ్బు వెనక గదిలో, చేతిలో తుప్పు పట్టిన డబ్బాతో వదిలి వచ్చాం. ఈ వారమే ఈ పేజీ తెరిచినవారి కోసం రెండు మాటలు. అబ్దుల్ రజాక్ గోదావరిఖనిలో కంపెనీ క్లబ్బు సినిమా మిషను తిప్పిన ఆపరేటరు. ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చాక కాలనీ మైదానంలో తెర కట్టడం ఆగిపోయింది. ఇప్పుడు, 1993 డిసెంబరులో, ఆ గది ఖాళీ చేసి సామాన్ల స్టోరుగా మార్చాలని ఆర్డరు వచ్చింది. పాత రీళ్లు తుక్కులో కలుస్తాయి. పడేసే ముందు ఒక్కొక్కటీ తీసి చూస్తున్న రజాక్‌కు చీటీ ఊడిపోయిన ఒక డబ్బా దొరికింది. రీలు కొస లాగి కిటికీ వెలుతురుకు పట్టిన క్షణంలోనే గుమ్మంలో సారవ్వ నిలబడింది. ఆమెది రజాక్ పక్క క్వార్టరు. పదహారేళ్ల కింద బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోయిన బిక్షం భార్య.

ఆ గురువారం సారవ్వ దవాఖానలో ఆయా పని ముగించుకుని వస్తూ, రజాక్ కూతురు ఆసియా ఇచ్చిన టిఫిను డబ్బా తెచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందన్నా గీ వాసన? పులిసిన గంజి లెక్క."

"రీలు చెల్లె. లోపల మురిగిపోతున్నది. సిర్కా లెక్క పుల్లటి వాసన పట్టిందంటే ఇగ ఎన్నో దినాలుండది."

"బొమ్మలు సుత మురుగుతయా?"

రజాక్‌కు రీలును మళ్లీ డబ్బాలోకి తోసేద్దామా అనిపించింది. తోసేస్తే ఆమె టిఫిను అక్కడ పెట్టి వెళ్లిపోయేది. సోమవారానికి డబ్బా తుక్కులో పోయేది. ఈ మాట ఇక ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన వేళ్ల మధ్య గోరంత చతురస్రంలో ఒక మనిషి నవ్వుతున్నాడు. ఆ మనిషిని అవతల పారేయడం రజాక్ చేత కాలేదు.

"కూసో చెల్లె," అన్నాడు. "నీకొక మాట చెప్పాలె."

"చెప్పు. నిలబడే ఇంట."

"ఇది బాయి సినిమ. డెబ్బై ఏడుల బొంబాయికెళ్లి వచ్చి తీసిండ్రు సూడు, గది."

సారవ్వ టిఫిను డబ్బాను నెమ్మదిగా నేల మీద పెట్టింది.

"గది వాపస్ పోయిందంటివి గద," అంది.

ఇక్కడ మనం కొంచెం వెనక్కి పోవాలి.

బిక్షం, రజాక్ ఇద్దరిదీ కమాన్‌పూర్. ఒకే చెలకలో పశువులు కాసినవాళ్లు, ఒకే రోజు పని వెతుక్కుంటూ గోదావరిఖని బస్సెక్కినవాళ్లు. బిక్షం బాయిలో బొగ్గు నింపే పనిలో చేరాడు. రజాక్‌కు క్లబ్బులో తాత్కాలికంగా మిషను పని దొరికింది. డెబ్బై ఏడు జనవరిలో బొగ్గు కార్మికుల మీద చిన్న సినిమా తీయడానికి నలుగురు మనుషులు కెమెరా పెట్టెలతో దిగారు. వారం రోజులు కాలనీలో, నల్లాల దగ్గర, బాయి మీద, క్యాంటీనులో తిరిగారు. వాళ్లు పోయిన తొమ్మిదో రోజున బిక్షం చనిపోయాడు.

సారవ్వ అప్పుడు ఆరో నెల గర్భంతో తల్లిగారింట్లో ఉంది. ఆమెను తీసుకొచ్చేసరికి శవానికి నిండా బట్ట కప్పి సిద్ధం చేశారు. కడుపుతో ఉన్న మనిషి చూడకూడదని పెద్దలన్నారు. ఆమె మీదపడి బట్ట లాగబోతే అడ్డం నిలబడి చేతులు పట్టుకున్నది రజాకే.

సినిమా కాపీ సెప్టెంబరులో క్లబ్బుకు వచ్చింది. మైదానంలో వేసే ముందు పరీక్షగా ఒక మధ్యాహ్నం రజాక్ ఒంటరిగా మిషను మీద ఎక్కించాడు. కొంతసేపటికి బిక్షం ముఖం తెర నిండా వచ్చింది. ఎనిమిది నెలల కింద తాను మట్టి వేసిన మనిషి ఎదురుగా నిలబడి నవ్వుతుంటే రజాక్ ఒళ్లు తెలియని వాడయ్యాడు. రీలు మిషన్‌లో ఇరుక్కున్న చప్పుడు కూడా వినబడలేదు. బల్బు వేడికి ఆ ముఖం మధ్యలోంచి గోధుమ రంగు బుడగ లేచింది. బుడగ పెద్దదై ముక్కునూ కళ్లనూ తినేసింది. స్విచ్చి ఆపేసరికి తెర మీద తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు.

ఆ వారమే సారవ్వ ఐదు నెలల పాపను భుజాన వేసుకుని కమాన్‌పూర్ నుంచి వచ్చింది. "ఆయన సినిమల ఉన్నడట గద అన్నా, ఒక్కపారి సూపియ్యి," అని అడిగింది. "రీలు వాపస్ పోయింది చెల్లె," అని రజాక్ చెప్పాడు. ఆఫీసులో మాత్రం కాపీ పాడై వచ్చిందని రాయించాడు. డబ్బాను అన్నిటికన్నా కింద, గోడవైపు పెట్టి, మళ్లీ ఎన్నడూ తెరవలేదు.

ఇదంతా ఇప్పుడు ఆమెకు చెప్పాడు. ఎక్కడా తనను కాపాడుకునే ప్రయత్నం చేయలేదు. కాకపోతే నడుమ ఒక్కసారి, "గప్పుడు నా నౌకరి పక్కాది కాదు చెల్లె. సర్కారు రీలు కాలవెట్టిండని తెలిస్తే బయటికి ఎల్లగొడుదురు. ఇంట్ల ఆసియా ఏడ్నెల్ల పిల్ల," అన్నాడు.

సారవ్వ అంతా విని అడిగింది, "పర్మనెంటు ఎన్నడైనవే?"

"ఎనభైల."

"ఎనభైల అయినవ్. మరి ఎనభై ఒకటిల నన్ను సూసినప్పుడు ఏమనుకున్నవ్? ఎనభై ఆరుల గోదారి వచ్చి మా గుడిసె మునిగిన్నాడు? ఆయనది ఒక్కటే ఫోటువ. పెట్టెల నానిపోయింది. ఎండల ఆరవెడితే అంగీ కాలరొక్కటి మిగిలింది. గది పట్టుకొని ఎవలి కాడికొచ్చిన?"

"నా కాడికే."

"స్టూడియోకు తీస్కపోయినవ్. గీ ఫోటువ ఇగ బాగు కాదట చెల్లె అని నువ్వే వచ్చి చెప్పినవ్. గప్పుడన్న నోట్లెకెళ్లి మాట రాలేదానే?"

"కాలిపోయిందనుకున్న చెల్లె. ఖుదా కసం, మొత్తం కాలిపోయిందనే అనుకున్న. చెప్తే సూపియ్యి అంటవ్. బుడగలు లేసిన గా ముఖం నీకెట్ల సూపియ్యాలె? నేను సూసిన గద. ఇప్పటికీ కండ్లు మూస్తే..."

"నువ్వు సూసినవ్." ఆమె గొంతు పెరగలేదు. "బాయిలకెళ్లి తెచ్చిన్నాడూ నువ్వే సూసినవ్. కాలిన్నాడూ నువ్వే సూసినవ్. రెండుసార్లు నాకు అడ్డం నిలబడ్డవ్. పలిగిన ముఖమో, కాలిన ముఖమో, సూడాల్సింది నేను గదనే? నీకెవలిచ్చిండ్రు గా హక్కు?"

రజాక్ తల వంచుకున్నాడు. ఆరేళ్లుగా ఈమె ఇంటి గోడ, తన ఇంటి గోడ ఒకటే. తన భార్య జహీరా ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆసియాకు అన్నం పెట్టింది ఈమె. జహీరా పోయినప్పుడు వాకిట్లో నీళ్లు తోడి పెట్టింది ఈమె. ప్రతి పండక్కీ సేమియా గిన్నె ఆ ఇంటికి పోయేది, ప్రతి బతుకమ్మకూ సత్తుపిండి ఈ ఇంటికి వచ్చేది. అన్నిటి అడుగునా ఈ డబ్బా ఉంది.

"మొత్తం కాలలేదు," అన్నాడు చివరికి. "ఇయ్యాలనే తెలిసింది. కాలింది రెండు మూరలే. దానికి ముందటా ఉన్నడు, ఎనుకటా ఉన్నడు. ఇన్నేండ్లు భయానికి మూత తీయకుంట, ఉన్న మనిషిని లేడనుకున్న. నా తప్పు గీడనే ఉన్నది చెల్లె. కాలవెట్టుడు కాదు. మల్ల తెరిచి సూడకపోవుడు."

సారవ్వ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడుస్తుందేమోనని రజాక్ ఎదురుచూశాడు. ఏడవలేదు. కాసేపటికి ఆయన రీలు ముక్కను వెలుతురుకు పట్టి, భూతద్దం ఆమె వైపు చాచాడు.

"వద్దు," అందామె. "గోరంత బొమ్మల సూడ. తెర మీద వెయ్యి."

"మిషను మీద ఎక్కిస్తే తెగుతదేమో. ముడుచుకపోయి ఉన్నది. ఒక్కసారి నడిస్తే నడుస్తది, రెండోసారి ఆశ లేదు."

"ఒక్కసారే వెయ్యి. గని నేనొక్కదాన్ని సూడ." లేచి కొంగు దులుపుకుంది. "అండ్ల ఎవలెవలున్నరో చెప్పు. సచ్చినోళ్లు పోంగ మిగిలినోళ్లందరు రావాలె. అందరి ముంగట వెయ్యాలె, ఎనుకట మైదానంల ఏసినట్టు."

రజాక్ భూతద్దంతో చూసి పేర్లు చెప్పాడు. నల్లా దగ్గర పూలమ్మ. బాయి మీద హాజరు పలక పట్టుకుని రాయమల్లు. క్యాంటీనులో బిక్షం, అతని జోడీ గట్టయ్య. ఇంకా ఒక పది పన్నెండు మంది.

గట్టయ్య పేరు దగ్గర సారవ్వ ఒక్క క్షణం ఆగింది. ఒకే తట్ట, ఒకే చెమ్మసు పారతో ఐదేళ్లు బిక్షంతో కలిసి బొగ్గు నింపినవాడు గట్టయ్య. బిక్షం పోయాక ఒక్కసారి కూడా సారవ్వ గడప తొక్కలేదు. బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. ఎందుకో ఆమె ఎన్నడూ అడగలేదు. చనిపోయినవాడి భార్యతో ఏం సంబంధమనుకున్నాడేమో అని వదిలేసింది.

శుక్ర, శనివారాలు డ్యూటీ దిగగానే ఆమె ఇల్లిల్లూ తిరిగింది. కూతురు స్వరూప ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీ అయ్యాక తానూ వెంట నడిచింది. ఒకప్పుడు ఈ వరసల మధ్య నడవాలంటే పది చోట్ల ఆగాల్సి వచ్చేది. గడపల్లో బియ్యం ఏరే ఆడవాళ్లు, మంచాలు వాల్చుకున్న మగవాళ్లు, కూసో పో అనే పిలుపులు. ఇప్పుడు తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. లోపల నీలం వెలుతురు కదులుతోంది.

రాయమల్లు ఇంట్లో ఎనిమిది మంది టీవీకి ఎదురుగా కూర్చున్నారు. సారవ్వ లోపలికి వచ్చినా ఎవరూ తల తిప్పలేదు.

"కూసో సారవ్వా. జర అయిపోనియ్యి," అన్నాడు రాయమల్లు చేత్తో సైగ చేస్తూ.

ఆమె కూర్చోలేదు. సబ్బు ప్రకటన వచ్చేదాకా గుమ్మంలో నిలబడింది. ప్రకటన రాగానే, "రాయమల్లు బావా, ఆదివారం మూడు గంటలకు క్లబ్బుల మా ఆయన సినిమ ఉన్నది. అండ్ల నువ్వు సుత ఉన్నవ్. ఇంటిల్లిపాది రాండ్రి," అంది.

రాయమల్లు అప్పుడు తిరిగి చూశాడు. ప్రకటనలు అయిపోయి బొమ్మ మళ్లీ మొదలైంది. ఆయన మాత్రం టీవీ వైపు తిరగలేదు. "బిక్షం సినిమనా?" అని రెండుసార్లు అడిగాడు.

పూలమ్మకు ఇప్పుడు సరిగ్గా కళ్లు కనబడవు. సంగతి విని సారవ్వ చేతులు పట్టుకుంది. "నేనున్ననా? నల్లా కాడనా? మరి నా సంకల మా పెద్దోడున్నడేమో అడిగినవా?" పెద్దవాడు గోలేటిలో డ్యూటీ చేస్తున్నాడు, మూడేళ్లుగా ఇంటికి రాలేదు. "వస్త బిడ్డా. కనవడకపోతే పక్కకూసున్నోళ్లను అడిగి ఇంట."

గట్టయ్య వేరే కాలనీలో ఉంటాడు. తలుపు సగమే తీశాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. మాట కన్నా ముందు దగ్గు వచ్చింది.

"నాకు డ్యూటీ ఉన్నది," అన్నాడు, ఆమె చెప్పడం పూర్తి కాకముందే.

"ఆదివారం ప్లేడే గదనే, బాయికి సెలవు."

"రాను సారవ్వా. నన్ను ఒత్తిడి చెయ్యకు."

సారవ్వ ఒత్తిడి చేయలేదు. "నీ జోడీగాన్ని సూసుడు గిదే ఆఖరు. రీలు మల్ల నడవదట," అని చెప్పి మెట్లు దిగింది. ఆమె వెనక నిలబడ్డ స్వరూపను గట్టయ్య చూశాడు. చూసిన వెంటనే తలుపు వేసుకున్నాడు.

"గాయనకు మనమంటే కోపమా అవ్వా?" అని అడిగింది స్వరూప దారిలో.

"ఏమో బిడ్డా," అంది సారవ్వ. నిజంగానే ఆమెకు తెలియదు.

శనివారం పొద్దంతా రజాక్ రీలు మీద కూర్చున్నాడు. కాలిన రెండు మూరల ముక్క కత్తిరించి కొసలు అతికించాడు. పక్కల చిల్లులు కుంచించుకుపోయి మిషను పళ్లకు సరిగ్గా అందడం లేదు. వేలితో ఒత్తి చూసి, నడిచినంత సేపూ చేత్తో వదులు చేస్తూ పోవాలని నిశ్చయించుకున్నాడు. ఆసియా పక్కన కూర్చుని దుమ్ము తుడిచింది. ఒకసారి తండ్రి వైపు తలెత్తి, "అబ్బా, సారవ్వత్త మనతోని మల్ల మాట్లాడుతదా?" అని అడిగింది. గురువారం నుంచి పక్కింటి గోడ అవతల నుంచి ఒక్క పిలుపు కూడా రాలేదు.

ఆదివారం మూడింటికి క్లబ్బు హాలు కిటికీలకు ఆసియా, స్వరూప నల్ల గొంగళ్లు కట్టారు. పదిమంది వస్తే గొప్ప అనుకున్నాడు రజాక్. వస్తూనే ఉన్నారు. కుర్చీలు సరిపోక ఆడవాళ్లు గోనెసంచులు పరుచుకుని నేల మీద కూర్చున్నారు. మైదానంలో లాగే ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు. ఎవరూ చెప్పకుండానే అలా కూర్చున్నారు. ఏళ్లుగా పలకరించుకోని వాళ్లు పక్కపక్కన పడి, నీ మోకాళ్లెట్లున్నయి, నీ బిడ్డకు పెండ్లయిందా అని ఒకరినొకరు అడుగుతున్నారు. గొంగడి సందుల్లోంచి పడే ఎండ చారల్లో దుమ్ము తిరుగుతోంది. సారవ్వ ముందు వరసలో పూలమ్మ పక్కన కూర్చుంది. రజాక్ వైపు చూడలేదు.

దీపం ఆర్పారు. మిషను మొదలైంది.

బాయి మీది పెద్ద చక్రం తిరుగుతూ కనిపించింది. వెనక నుంచి హిందీలో ఒక గంభీరమైన గొంతు ఎన్ని టన్నుల బొగ్గు, ఎన్ని వేల మంది అని చెప్పుకుపోతోంది. ఎవరూ దాన్ని వినడం లేదు. నల్లా రాగానే ఆడవాళ్ల వైపు నుంచి కేక లేచింది. "అగో పూలమ్మ! బిందె సూడుండ్రి! సంకల పెద్దోడే!" పూలమ్మ మాత్రం ఏమీ చూడలేకపోయింది. తెర వైపు ముఖం ఎత్తి, "నవ్వుతున్ననా? ఏడుస్తున్ననా?" అని అడిగింది.

"నవ్వుతున్నవ్ అత్తా," అంది స్వరూప.

హాజరు పలకతో రాయమల్లు వచ్చాడు, నల్లటి మీసాలతో. అతని మనవలు పడి పడి నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వస్తుంటే హాలంతా పేర్లు పిలవసాగింది. ఎల్లేశం. నర్సింగం. చనిపోయినవాళ్ల పేర్లు కూడా బతికినవాళ్లను పిలిచినంత గట్టిగానే పిలిచారు. నర్సింగం పేరు దగ్గర వెనక నుంచి అతని పెద్ద కొడుకు లేచి నిలబడ్డాడు. నాన్న తెర మీదనుంచి వెళ్లిపోయేదాకా కూర్చోలేదు.

క్యాంటీను వచ్చింది. షిఫ్టు దిగిన మనుషులు బొగ్గు ముఖాలతో బల్లల ముందు కూర్చున్నారు. అందరూ ఒకేలా ఉన్నారు, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడడం లేదు. ఒక పొడుగాటి మనిషి గ్లాసు ఎత్తి తాగి, మూతి తుడుచుకుని కెమెరా వైపు చూశాడు.

"అగో!" సారవ్వ మోకాళ్ల మీద లేచింది. "అగో ఆయనే! మీ నాయిన బిడ్డా, సూడు!"

హాలు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మిషను చప్పుడు మాత్రం వినబడుతోంది. బిక్షాన్ని ఎరిగినవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అది నేను సారవ్వా," అన్నది వెనక తలుపు దగ్గర నుంచి ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. గట్టయ్య తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు.

సారవ్వ అలాగే మోకాళ్ల మీద ఉండిపోయింది. రెండేళ్ల కాపురం. అందులో సగం రోజులు అతను బాయిలో, మిగతా సగంలో సగం నిద్రలో. పదహారేళ్లుగా కళ్లు మూసుకుని చూసుకున్న ముఖం ఎవరిదో ఆమెకు తెలియలేదు. ఏ ముఖాన్ని ఎక్కడి నుంచి తెచ్చి పెట్టుకుందో. కొంచెం కొంచెంగా, తనకు తెలియకుండానే, మనిషి జారిపోయాడు. అతన్ని మరిచిపోలేదని రోజూ అనుకుంటూనే మరిచిపోయింది.

అప్పుడు తెర మీద, గట్టయ్య పక్కన అటు తిరిగి కూర్చున్న మనిషి ఇటు తిరిగాడు. గుండ్రటి ముఖం. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచి ఉంది, ఎదుటివాళ్లు చెప్పేది నమ్మనట్టు. రొట్టె తుంచి సగం గట్టయ్య చేతిలో పెట్టాడు.

పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. సారవ్వ మెల్లగా తల తిప్పి కూతురి వైపు చూసింది. తెర వెలుతురులో స్వరూప ఎడమ కనుబొమ్మ పైకి లేపి బొమ్మ చూస్తోంది. తెర మీది ముఖం నుంచి మసి తుడిచేస్తే అదే ముఖం. పదహారేళ్లుగా రోజూ జడ వేసిన తల, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ముఖం. సారవ్వ చేయి చాచి కూతురి చెంప మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది. గురువారం నుంచి ఆపుకున్నదంతా, అంతకు ముందుదంతా.

"బొమ్మ సూడవ్వా, పోతడు," అంది స్వరూప ఆమె చేయి పట్టుకుని.

బిక్షం ముఖం తెర నిండా వచ్చింది. మూతి ముందు ఎవరో మైకు పట్టుకున్నారు. ఏదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, చేయి ఎత్తి దూరంగా ఎటో చూపిస్తున్నాడు. హిందీ గొంతు మాత్రం బొగ్గు రవాణా గురించి చెప్పుకుపోతోంది. అతుకు దగ్గర బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. బిక్షం ఇంకా చెబుతూనే ఉన్నాడు. చివరికి మాట ఆపి, తాను అన్నదానికి తానే సిగ్గుపడినట్టు తల వంచి నవ్వాడు.

మిషన్‌లో ఫట్టుమని చప్పుడైంది. రజాక్ వెంటనే బల్బు ఆర్పాడు. తడిమి చూస్తే రీలు చివరి భాగం చిల్లుల పొడవునా చీలి ముక్కలు ముక్కలుగా చేతిలోకి వచ్చింది.

గొంగళ్లు తీశారు. డిసెంబరు ఎండ హాలులోకి వచ్చింది. ఎవరూ లేవలేదు. రజాక్ మిషను దగ్గర నుంచి నడిచి వచ్చి సారవ్వకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"మల్ల నడవది చెల్లె. ముఖమున్న ముక్కలు ఏరి ఇస్త. స్టూడియోల ఫోటువ తీపిద్దాం. నన్ను మాఫ్ చెయ్యమని అడుగ."

సారవ్వ ముఖం తుడుచుకుంది. "కోపం పోలేదన్నా," అంది. "పోతదో పోదో నాకే ఎరుకలేదు. గని ఇయ్యాల బువ్వ మా ఇంట్లనే తినుండ్రి, నువ్వూ ఆసియా. నాలుగు దినాలాయె, గోడ అవుతల సప్పుడు లేకుంటే నాకు బువ్వ సయిస్తలేదు."

రజాక్ తల ఊపాడు.

"మామా," అంది స్వరూప. "నాయిన ఏదో చెప్తుండె గద. ఏమన్నడు?"

"ఎరుకలేదు బిడ్డా. గా హిందీ గొంతు మీద ఏసిండ్రు. ఆయన మాట రీలుల లేదు."

"ఎవలికన్న ఎరుకనా?" స్వరూప లేచి నిలబడి హాలంతా చూసింది. "నాయిన పక్కన ఎవలన్న ఉన్నరా గప్పుడు?"

జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ గట్టయ్య ముందుకు వచ్చాడు. దగ్గు వస్తుంటే ఆపుకున్నాడు. సారవ్వ ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పదహారేళ్లలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నాకెరుక," అన్నాడు. "పక్కనే ఉన్న. మీరందరు సూసిండ్రు గద."

"ఏమన్నడే?"

"నీ పని గురించి చెప్పు అని అడిగిండ్రు. గీ వారంతోని ఆఖరు సార్, ఇగ బాయిల దిగ అన్నడు. ఇంటికాడ నా భార్య కడుపుతోని ఉన్నది, కమాన్‌పూర్ పోయి ఎవుసం చేసుకుంట అన్నడు. గటు సూపెట్టిండు సూడు, మీ ఊరు దిక్కు. రాజీనామా కాయితం సుత రాసి జేబుల పెట్టుకున్నడు."

సారవ్వ చేయి నోటి మీదికి పోయింది. ఆ మాట ఆమె ఈ క్షణమే వింటోంది.

"గీ వారంతోని ఆఖరు అన్నడు." ఆమె ఒక్కొక్క మాటా ఆగి ఆగి అడిగింది. "ఆయన పోయింది గా సినిమోళ్లు ఎళ్లిపోయిన తొమ్మిదో నాడు. వారమైపాయె గదనే. దిగ అన్న మనిషి గా దినం బాయిలెకు ఎందుకు దిగిండు?"

గట్టయ్య చూపు దించుకోలేదు.

"నేనే దింపిన," అన్నాడు.